ఏమండీ, భోంచేశారా?

తాతయ్య బందరు కాలేజీలో చదివే రోజుల్లో నాటకాల్లో ఆడవేషాలు వేసేవాడు. ఇప్పుడు మతిమరుపు ముదిరి మమ్మల్నెవరినీ గుర్తుపట్టడు గానీ, ఆ వేషం మాత్రం ఆయన్ని వదల్లేదు. అమ్మమ్మ కనబడితే చాలు, కండువా తలమీదికి లాక్కుని "ఏమండీ, భోంచేశారా?" అంటాడు. గుడివాడ నుంచి చూడ్డానికొచ్చిన చుట్టాలు పగలబడి నవ్వుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న మధ్యాహ్నం ఎంత బతిమాలినా తాతయ్య అన్నం ముట్టలేదు. భర్త తినకుండా తానెలా తింటాడు? చివరికి అమ్మమ్మ లేని మీసం మెలేసి, గొంతు బొంగురు చేసుకుని, "నా భోజనం అయిందే. ఇక నువ్వు తిను," అంది. తాతయ్య సిగ్గుపడుతూ నోరు తెరిచాడు.

ముద్దలు కలిపి పెడుతున్న అమ్మమ్మ మాత్రం ఇంకా తినలేదు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన తినకముందు ఆవిడ ఏనాడూ మెతుకు ముట్టలేదు.