చెరువు పక్కన పిన్నిగారి గుడారం

మా రామాయణ పారాయణ బృందంలో కాట్రేనికోన పిన్నిగారిది చేపల వేట చేసుకునే ఇల్లు. ఎవరేం చెప్పినా "ఆయ్" అనేవారు, తాననుకున్నదే చేసేవారు.

యాత్రలో అడవిలో చెరువు పక్కన బస చేసిన రోజు, మా బృందం పెద్దాయన, గుడిలో మేం కులాలవారీగా కూర్చునే వరసలోనే గుడారాలు వేయించారు.

"మీది ఆ చివరనండీ."

పిన్నిగారు "ఆయ్" అంటూనే వ్యాసపీఠం పక్కన మేకు దిగ్గొట్టారు.

"చెప్పింది వినపళ్లేదాండీ?"

"వినపడిందండీ. పడవలోడైన గుహుణ్ణి రాముడు కౌగిలించుకున్నాడు కదండీ. తవరేమో చివరికి పొమ్మంటున్నారు!"

"అయితే రేపట్నుంచి పారాయణకి రాకండి."

మర్నాడు ఉదయం చదివే వంతు నాది. రాముడి పక్షాన మాట్లాడిన మనిషిని వెళ్లగొడితే మనం చదివేది ఎవరి కథ? పిన్నిగారి గుడారం దగ్గరికెళ్లి, పుస్తకం ఆవిడ చేతుల్లో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చున్నారు.

ఆవిడ చదివారు. పెద్దాయన నిలబడే విన్నారు.