శిరివెళ్ల దాటి మూడు మైళ్ళు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రోడ్డు మీద సుమారు ఇరవయ్యారు మైళ్ళు. ఆ దూరం చూసే నంద్యాలలో ఒక డ్రిల్లు మేష్టారుకు ఆలోచన వచ్చింది. ఒలింపిక్సులో పెద్ద పరుగు ఇంచుమించు ఇంతే ఉంటుందని, మనకు అంత ఓపిక లేదు కనుక అందులో సగం పరిగెత్తుదామని ఆయన అన్నారు. సగానికి శిరివెళ్ల వస్తుంది. పందెం మా ఊర్లో మొదలు కావాలి, కాదు మా ఊర్లో అని నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్ళు పట్టుబట్టారు. చివరికి ఒక ఏడు ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్లకు, మరుసటి ఏడు నంద్యాల నుంచి శిరివెళ్లకు అని తీర్మానం చేసుకున్నారు. ఇప్పుడు దాన్ని హాఫ్ మారథాన్ అంటున్నారు. మాకప్పుడు అది పదమూడు మైళ్ళ పందెం. రిపబ్లిక్ దినోత్సవం నాడు జెండా ఎగరేశాక మొదలయ్యేది.

నేను అప్పుడు నంద్యాలలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తాని. తెల్లవారుజామున కుందూ ఒడ్డున పరిగెత్తే అలవాటు ఉండేది. ఎందుకు పరిగెత్తుతున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. పందెంలో పేరు ఎందుకిచ్చావంటే మాత్రం జవాబు ఉంది, పైకి చెప్పేది కాదు. మా అక్క కోసం ఇచ్చాను.

అక్కను ఇచ్చిన ఊరు శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వైపు మూడు మైళ్ళలో ఉంటుంది. వాళ్ళ ఇల్లు రోడ్డు మీదే. 1953లో, కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజుల్లో, ఆమె పెళ్ళి జరిగింది. రెండేళ్ళు రాకపోకలు బాగానే సాగాయి. ఆ తర్వాత ఆమె మామగారు పందేనికని అడిగి మా ఇంటి నుంచి ఒక ఎద్దును తోలుకుపోయాడు. ఆయనకు బండలాగుడు పందేలంటే ప్రాణం. ఒక తిరునాళ్ళలో, చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా చూస్తుండగా, మా ఎద్దు బండను సగం దూరం లాగి పడుకుంది. తోక మెలిపెట్టినా లేవలేదు. జనం నవ్వారు. పెద్దాయన కోపం పట్టలేక, “ఆ ఇంటి ఎద్దులూ అంతే, మనుషులూ అంతే. నడుమలో పండుకుంటారు” అన్నాడు.

ఆ జనంలో మా నాయన ఉన్నాడు. నేరుగా ఇంటికి వచ్చి, ఆ గడప మనవాళ్ళెవరూ తొక్కకూడదని చెప్పాడు. ఆ సంగతి తెలిసి వాళ్ళు అక్కను పంపడం మానేశారు. బావ మెతక మనిషి, తండ్రి ఎదుట నోరెత్తడు. గడివేముల దగ్గర మా ఊరికీ, శిరివెళ్ల అవతల అక్క ఊరికీ సైకిలు మీద తిరిగి గాజులు అమ్మే నంద్యాల సాయిబు ఒకాయన ఉండేవాడు. అక్క ఎలా ఉందో ఆయన చెబితేనే మాకు తెలిసేది.

మొదటి పందెం 1957లో, ఆళ్లగడ్డ నుంచి. పేరిచ్చే ముందు నాయన దగ్గరికి పోయి చెప్పాను. ఆ దారి ఏ ఊరి మీదుగా పోతుందో ఆయనకు నేను చెప్పనక్కరలేదు. పేనుతున్న చర్నాకోలకు కొస దాకా వచ్చి ముడి వేశాడు. చివరికి, “రోడ్డు సర్కారుది. గడప మాత్రం తొక్కొద్దు” అన్నాడు.

ఆ పొద్దు మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. రోడ్డుకు రెండు వైపులా జొన్నచేలు కంకి మీద ఉన్నాయి. మొదటి మైళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తాం. ఐదారు మైళ్ళు దాటాక మాటలు ఆగిపోయి కంకర మీద కాళ్ళ చప్పుడు మిగిలింది. అక్క ఊరు పదో మైలు. అక్కడికి వచ్చేసరికి నేను రెండోవాణ్ణి. డొక్కలో పోటు మొదలైంది. డ్రిల్లు మేష్టారు సైకిలు మీద నా పక్కనే వస్తూ, “ముందువాడు అలిసిపోయినాడు, పద, పద! ఆగితే ఇంతే సంగతులు!” అని అరుస్తున్నారు.

అక్క వాకిట్లో చెంబుతో నిలబడి ఉంది. పందెంలో నేనున్నానని సాయిబు చెప్పినట్టున్నాడు. అరుగు మీద పెద్దాయన ముఖం అటు తిప్పుకుని కూర్చున్నాడు. “ఒరే, నీళ్ళురా! తాగిపో నాయనా!” అని అక్క కేక వేసింది. నేను చెయ్యి ఎత్తాను. కాళ్ళు ఆగలేదు. వేగం మీద ఉన్న మనిషికి ఆగడమే కష్టం. తల తిప్పి చూసేసరికి వాళ్ళ ఇల్లు దాటి నాలుగు ఇళ్ళు వచ్చేశాయి.

శిరివెళ్లలో రెండోవాడిగానే చేరాను. మెడలో బంతిపూల మాల వేశారు. అది వేసుకునే ఇంటికి పోతే అమ్మ మాలను చూడనైనా చూడలేదు.

“చిక్కినాదా? లావైనాదా?” అంది.

“సరిగ్గా చూడలేదమ్మా.”

“ఏం చీర కట్టుకోనుండె?”

అదీ తెలియదు.

“మరి ఏం చూస్తివిరా పొయ్యి?”

చెంబు చూశాను. ఎత్తి పట్టుకున్న చెయ్యి చూశాను. అమ్మకు చెప్పడానికి అంతకు మించి ఏమీ లేదు. తర్వాత మిల్లు పని మాని పత్రికలో పనిచేసిన కాలంలో పరుగు పందేల వార్తలు చాలా రాశాను. గెలిచినవాళ్ళ పేర్లు రాస్తున్నప్పుడల్లా, దారిలో వీళ్ళు ఎవరిని చూడకుండా వచ్చారో అనిపించేది.

ఆ ఏడాదంతా నాకు ఒకటే ధ్యాస. ఇంకోసారి ఆ ఊరి మీదుగా పోవాలి, సరిగ్గా చూడాలి. కాని మరుసటి ఏడు పందెం నంద్యాల వంతు. శిరివెళ్లలో ఆగిపోతుంది. అక్క ఊరి దాకా రానే రాదు.

పందెం దగ్గర పడ్డాక సాయిబు మిల్లు గేటు దగ్గర సైకిలు ఆపాడు.

“మీ యక్క నీ కోసరం కాసుకోనుండాదప్పా. ఈసారి మా తమ్ముడు నీళ్ళు తాగిగాని పోడని ఊరందరికీ చెప్తాంది.”

“ఈ ఏడు పందెం ఆడికి రాదన్నా. శిరివెళ్లలోనే అయిపోతాది. నువ్వన్నా చెప్పు.”

ఆయన గాజుల పెట్టెకు తాడు బిగించుకుంటూ తల అడ్డంగా ఊపాడు. “నేను పోతే ఆడోళ్ళు నగుతా ఎదురొస్తారు సామీ. ఇట్లాంటి మాట మోసుకపోతే రేపటి నుంచి ఎవురొస్తారు? నువ్వే పొయ్యి చెప్పుకో.”

ఊరికే బస్సెక్కి పోయి వాకిట్లో నిలబడడం కుదిరే పని కాదు. పందెంలో ఉన్నవాణ్ణయితే ఎవరూ ఏమీ అడగరు.

1958లో నంద్యాల నుంచి నిదానంగా బయలుదేరాను. మేష్టారు రెండుసార్లు పక్కకొచ్చి, “ఏమైందిరా నీకు? పోయినేటి కాళ్ళేనా అవి?” అన్నారు. శిరివెళ్ల చేరేసరికి నా ముందు అయిదారుగురు చేరిపోయి చెట్టుకింద మజ్జిగ తాగుతున్నారు. గీత దాటాను. ఆగలేదు.

“ఒరే, అయిపోయిందిరా! ఆగు!” అని మేష్టారు అరిచారు.

“వస్తా సార్!” అన్నాను.

“యాడికప్పా పోతాండావ్? పందెం ఈడ్నే!” అని ఎవరో నవ్వారు. “ఎండ తలకెక్కినట్టుండాది పాపం” అని ఇంకొకరు. ఆ మాటలు వెనకబడ్డాయి.

ఆ మూడు మైళ్ళు నా జీవితంలో పరిగెత్తిన దూరాల్లోకెల్లా పొడుగు. పక్కన మనిషి లేడు, సైకిలు లేదు. జొన్నచేలో పిట్టలు తోలే ఒక ముసలామె మంచె మీద నుంచి నన్ను చూసి, నా వెనక ఎవరైనా తరుముతున్నారేమోనని రోడ్డు పొడుగునా చూసింది. ఎడమ బూటులో బొబ్బ పగిలింది. అయినా కాళ్ళు సాగుతూనే ఉన్నాయి.

ఊరి మొదట్లోనే పెద్దాయన ఎదురయ్యాడు. చేతిలో ముల్లుగర్ర ఉంది. నా గుండెల మీద అంకె వేసిన గుడ్డను చూశాడు. నా వెనక ఖాళీ రోడ్డును చూశాడు.

“తక్కినోళ్ళు యాడ?”

“వెనక ఉండారు మామా.” అబద్ధం కాదు.

“వెనకంటే? కనపడరే!”

“శిరివెళ్లలో ఉండారు.”

ఆయన ముఖం మారిపోయింది. పందెం ఏ ఏడు ఎక్కడ ఆగుతుందో ఆయన పట్టించుకున్న మనిషి కాదు. శిరివెళ్లలో తక్కినవాళ్ళు, ఇక్కడ నేను. మూడు మైళ్ళ తేడా! బండలాగుడు చూసిన కళ్ళతో ఆయన నన్ను కాళ్ళ నుంచి పైదాకా చూసి, పంచె ఎగగట్టి, నా పక్కన పరిగెత్తడం మొదలుపెట్టాడు.

“తప్పుకోండ్రా! దోవ ఇయ్యండి! మా కోడలి తమ్ముడు!” అని అరుస్తున్నాడు. అరుగుల మీది మనుషులు లేచి నిలబడ్డారు. “మూడు మైళ్ళు ఎనకేసినాడు అందరినీ! ఆ ఇంటి పిల్లోడు!”

అక్క వాకిట్లో చెంబుతో ఉంది. నేను వేగం తగ్గించాను. పెద్దాయన ముల్లుగర్ర అడ్డం పెట్టాడు.

“ఆగొద్దు! ఆగితే కాళ్ళు బిగుసుకపోతాయి!”

“మామా, ఒక గుక్క తాగనీండి” అంది అక్క.

“పందెంలో ఉండే ఎద్దుకు నడుమ నీళ్ళు పెడ్తారామ్మా? నీకేమన్నా తెలుసునా? పో అప్పా, పో! బేగా పో!”

ఆమె చేతిలోని చెంబు లాక్కుని నా నెత్తిన గుమ్మరించాడు. నీళ్ళు కళ్ళల్లో పడ్డాయి. అక్క ముఖం అలుక్కుపోయినట్టు కనిపించింది. పెద్దాయన వెనక నుంచి అదిలిస్తూ ఊరి బయటి దాకా తరిమాడు.

ఊరు దాటాక ఒక వాగు మీద మోరీ అనే చిన్న వంతెన ఉంది. ఇక పరిగెత్తే చోటు లేదు. ముందుకు పోతే ఆళ్లగడ్డ, వెనక్కి తిరిగితే ఊరంతా నిలబడి ఉంది. మోరీ గట్టు మీద కూర్చున్నాను. పెద్దాయన చెప్పిందీ నిజమే. కూర్చోగానే కాళ్ళు కొయ్యల్లా బిగుసుకున్నాయి.

కాసేపటికి ఆయన నడుచుకుంటూ వచ్చాడు. ముల్లుగర్ర లేదు.

“ఇంగెవురూ రాలేదు” అన్నాడు. “నంద్యాల లారీ వాడు చెప్పినాడు. పందెం శిరివెళ్లలో అయిపోయినాదంట. మాలలు గూడా యేసినారంట.”

“అవును మామా.”

“మరి ఈడికి ఎందుకొస్తివి?” అని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. వాగులోని గులకరాళ్ళను చూస్తూ కొంచెంసేపు నిలబడ్డాడు. “పదమూడు మైళ్ళ మీద ఇంగా మూడు మైళ్ళు” అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత, “ఇంట్లోకి రా. రొట్టె తినిపో” అన్నాడు.

“మా నాయన మాట ఉండాది మామా.”

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. గడ్డం గోక్కున్నాడు. “సరే. మోరీ సర్కారుదే గదా. ఈడ్నే కూసో” అని ఊర్లోకి పోయాడు.

అక్క తట్టలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ముంతలో మజ్జిగ తెచ్చింది. పెద్దాయన ఆమెను అక్కడిదాకా తోడు తీసుకొచ్చి, తాను రోడ్డుకు అవతల నిలబడ్డాడు. మాకు వీపు పెట్టి, వెనక ఇంకా ఎవరైనా పరిగెత్తి వస్తారేమో అన్నట్టు శిరివెళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఈసారి నేను చూశాను. అక్క చిక్కింది. కొంచెమే. పసుపు అంచు నీలం చీర. ముంజేతి మీద పొయ్యి సెగ తగిలిన మచ్చ ఒకటి కొత్తగా ఉంది. అమ్మకు చెప్పడానికి అన్నీ మనసులో పెట్టుకుంటున్నాను. ఆమె నా బూటు విప్పి బొబ్బ చూసి, “ఇట్ల పరిగెత్తమని ఎవురన్నారురా నిన్ను?” అని తిట్టింది. అమ్మ మోకాళ్ళ నొప్పి అడిగింది. బర్రె ఈనిందా అని అడిగింది. ఇంకేవో అడిగింది. చివరికి, రొట్టె ముక్క విరుస్తూ, నన్ను చూడకుండా అడిగింది.

“నాయన నా మాట ఎత్తుతాడా?”

“ఎత్తడు.” ఆమె తలూపితే నేనే మళ్ళీ అన్నాను, “కాని సాయిబు వస్తే మాత్రం, గాజుల బేరమంతా అయిపోయేదాకా వాకిట్లోంచి లేచి పోడు.”

అక్క రొట్టె ముక్క తట్టలో పెట్టేసింది. అంతలో మిట్ట మీద నంద్యాల బస్సు కనిపించింది. పెద్దాయన రోడ్డుకు అడ్డం నిలబడి ఆపాడు.

“ఈ పిల్లోనికి సీటు ఇయ్యప్పా. పందెంలో వచ్చినాడు” అన్నాడు కండక్టరుతో.

“ఏ పందెం?” అన్నాడు కండక్టరు.

“ఏదో ఒకటి. నీకెందుకు? ఎక్కించుకో.”

ఇంట్లో అమ్మకు చీర రంగు దగ్గర నుంచి అన్నీ చెప్పాను. గడప తొక్కలేదని కూడా నాయన వినేటట్టు చెప్పాను. ఆయన వాకిట్లో పలుపు తాడు ముడి వేసుకుంటూ ఉన్నాడు. ఆ ఏడంతా ఆ ఊసు ఎత్తలేదు.

1959లో పందెం మళ్ళీ ఆళ్లగడ్డ వంతుకు వచ్చింది. ముందు రోజు నేను బస్సుకు బయలుదేరుతుంటే నాయన గాటి దగ్గర నుంచి పిలిచాడు.

“ఈ ఏడు ఆళ్లగడ్డ నుంచేనా?”

“అవును నాయనా.”

ఆయన ఎద్దు మెడ నిమురుతూ ఉన్నాడు. “ఆ ఊర్లో నిదానంగా పో” అన్నాడు.

ఆ పదో మైలు దగ్గర నేను పరుగు ఆపి నడిచాను. అక్క చెంబు అందించింది. నీళ్ళు తాగి, నాయన అన్న మాట చెప్పాను. ఆమె చెంబు అరుగు మీద పెట్టి, మెట్టు దిగి రోడ్డు మీదికి వచ్చి నా పక్కన నడవసాగింది. అరుగు మీది పెద్దాయన అటు చూసి, చూడనట్టు లేచి లోపలికి పోయాడు. పరిగెత్తేవాళ్ళు ఒక్కొక్కరే మమ్మల్ని దాటిపోతున్నారు.

“ఏమన్నాడు? ఇంగోసారి చెప్పు.”

“ఆ ఊర్లో నిదానంగా పొమ్మన్నాడు.”

“అట్ల కాదురా. నాయన అన్నట్లే అను.”

నాయన గొంతు తెచ్చుకుని అన్నాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరి ఇళ్ళు వచ్చేశాయి. అత్తింటివాళ్ళ తోడు లేకుండా కోడలు ఊరు దాటకూడదు. నేను అడుగు ఇంకా తగ్గించాను.

“ఇంగోసారి” అంది.

మళ్ళీ అన్నాను.