మాబు బిగించిన పిస్టన్

ఆదివారం పొద్దున నేను బండి తీస్తే నంద్యాలలో మా వీధి సగం పొగతో నిండిపోతుంది. పెట్రోలులో కలిపిన నూనె కాలి, రెండు సైలెన్సర్ల నుంచి నీలంగా, కాస్త తియ్యగా వచ్చే పొగ అది. పై అంతస్తులో అద్దెకుండే కుర్రాళ్లు కిటికీలు వేసుకుంటారు, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుంటాను. ఆ వాసనలో మా నాయన ఉన్నాడు, ఆళ్లగడ్డలో మేమున్న ఇంటి పెరడు ఉంది, ముప్పై ఏళ్లకు పైగా నేను దాచిపెట్టిన ఒక మాట కూడా ఉంది. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందుగా ఆ బండి సంగతి చెప్పకపోతే నా తప్పు ఎంతటిదో మీకు తెలియదు.

మా నాయన దొర్నిపాడు వైపు ఒక ఊరి బడిలో అయ్యవారు. రోజూ ఆళ్లగడ్డ నుంచి ఈ బండి మీదే వెళ్లి వచ్చేవాడు. కిక్ రాడ్డునే ముందుకు తోస్తే గేర్ రాడ్డు అయ్యే బండి కావడంతో, కొత్తవాళ్లెవరైనా ఎక్కితే గేరు కోసం కాలితో తడుముకుంటుంటే చూసి మురిసిపోయేవాడు. శనివారం సాయంత్రం బడి నుంచి రాగానే చొక్కా విప్పి పెరట్లో గోనెపట్టా పరిచేవాడు. ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం, పాయింట్ల మధ్య బ్లేడు ముక్క పెట్టి సందు చూడడం, చైను కిరసనాయిల్లో నానబెట్టి పాత పళ్ల బ్రష్షుతో లింకు లింకూ తోమడం, ఏడాదికోసారి సైలెన్సర్లు ఊడదీసి కందికట్టె మంటలో కాల్చి లోపలి మసిని దులపడం, ఇవన్నీ ప్రార్థన చేసినంత నిమ్మళంగా చేసేవాడు. మరునాడు చర్చి ముందర నిలబెట్టినప్పుడు ఆ బండి ట్యాంకులో పాస్టరుగారి తెల్లచొక్కా కనబడాలి. మా అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ, "ఈ ఇంట్లో బైబిలు మింద దుమ్ముంటాది గానీ బండి మింద మాత్రం ఉండదు" అనేది. "బైబిలు నన్ను దొర్నిపాడుకు తీసకపోదు గదా" అని నాయన తల ఎత్తకుండానే జవాబిచ్చేవాడు.

అన్నిటికంటే గొప్పది పెట్రోలులో నూనె కలపడం. అది చాలకపోతే ఇంజను లోపల పిస్టన్ పట్టేస్తుంది. ఎవరైనా బంకులో గుడ్డిగా పోయించుకుంటారు, మా నాయన అట్లా కాదు. నూనెకు ఒక గాజుసీసా, దానికి పక్కన కాగితపు చీలికలు అంటించి గీతలు. పెట్రోలుకు ఒక వేపపుల్ల, దాని మీద చాకుతో గాట్లు. ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి, తడి ఎంతవరకూ వచ్చిందో చూసి, సీసాలో ఎన్ని గీతలు తగ్గాలో లెక్కగట్టి పోసేవాడు. పదహారేళ్లలో ఒక్కరోజు మరిచిపోలేదు. బయలుదేరే ముందు పుల్ల ముంచకుండా కిక్ కొట్టిందీ లేదు.

ఆ దారిలో బండి నడపడమూ ఒక విద్యే. తొలకరి పడితే నల్లరేగడి ముద్దలు ముద్దలుగా చక్రానికి చుట్టుకుని, మడ్గార్డు సందులో కూరుకుపోయి, బండి నిలబడిపోయేది. అందుకే మా వైపు వానలు మొదలవగానే ముందు చక్రం మడ్గార్డు విప్పి గోడకు తగిలించేవాళ్లు, అది మళ్లీ దిగేది శనగ విత్తినాకే. నాయన మొహమంతా బురద చుక్కలతో ఇంటికి వస్తే అమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, "ముందు మొగం కడుక్కో, బర్రె పొర్లినట్ల ఉండావు" అనేది. చలికాలంలో శనగచేల గట్ల మీద బండి ఆపి, ఎవరో రైతు కాల్చి ఇచ్చిన పచ్చిశనగలు నేనూ ఆయనా వేళ్లు నల్లబడేదాకా తినేవాళ్లం. క్రిస్మసుకు అమ్మ చేసిన కజ్జికాయలు, మురుకులు చుట్టాల ఇళ్లన్నిటికీ ఆ బండి మీదే వెళ్లేవి. వాటిలో మొదటి డబ్బా మాత్రం ఏ చుట్టానికీ కాదు, మాబుకు.

మాబు మెకానిక్. ఆళ్లగడ్డ బస్టాండు వెనక రేకుల షెడ్డు. నాయన కంటే పదేళ్లు చిన్న. ఇంజను విప్పకుండా, సీటు మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని రోగం చెప్పేవాడు. అరిగిన సిలిండరుకు బోరు చేయించి కొత్త పిస్టన్ ఎక్కించడంలో అతని చేతికి తిరుగులేదని చాగలమర్రి నుంచి, కోయిలకుంట్ల నుంచి బండ్లు వచ్చేవి. రంజానుకు అతని ఇంటి నుంచి సేమ్యా గిన్నె మాకు వచ్చేది. నాయన ఆ బండి మీద మాబును తప్ప ఇంకెవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

నాకు పదిహేనేళ్లప్పుడు, ఎండాకాలం మొదట్లో, బండికి బోరు పని వచ్చింది. మాబు మూడు రోజులు కూర్చుని కొత్త పిస్టన్ బిగించాడు. తాళం ఇస్తూ, "సార్, కొత్త పెండ్లికూతురు ఇది. నెల దినాలు నలబై దాటద్దు. నూనె రవ్వంత ఎక్కువే పొయ్యండి" అన్నాడు. "నాకు చెప్తాండావా మాబూ?" అని నాయన నవ్వాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి నాయన భోంచేసి నిద్రపోయాడు. నేను తాళం తీసుకుని, బండిని వీధి చివరిదాకా తోసుకుపోయి, స్టార్టు చేసి చాగలమర్రి రోడ్డెక్కాను. కొత్త ఇంజను. ఖాళీ రోడ్డు. నలభై కాదు, ముల్లు ఎంతవరకూ పోతుందో అంతవరకూ పోనిచ్చాను. ఎడమచేతి వైపు నల్లమల కొండలు నాతోపాటు పరిగెత్తుతున్నట్టే అనిపించింది. తిరిగి వచ్చేటప్పటికి పెట్రోలు అడుగంటింది. రేపు నాయన పుల్ల ముంచుతాడు, గాటు తగ్గిందని తెలిసిపోతుంది. దారిలో బంకులో, పాత గాటు వరకూ వచ్చేట్టు పెట్రోలు పోయించాను. జేబులో డబ్బులు పెట్రోలుకే సరిపోయాయి, నూనె కలపలేదు. ఇంట్లో సీసాలోది పోద్దామంటే గీతలు తగ్గుతాయి, అదీ తెలిసిపోతుంది. ట్యాంకులో ముందటి నూనె కాస్త మిగిలే ఉంది కదా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

మరునాడు సెలవు. నాయన పుల్ల ముంచి చూశాడు. గాటు సరిగ్గా ఉంది. అమ్మను వెనక ఎక్కించుకుని కోయిలకుంట్ల బయలుదేరాడు. దొర్నిపాడు దాటాక, ఎండలో, నడుస్తున్న ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. ఇద్దరూ పడ్డారు. అమ్మ కుడి మణికట్టు విరిగింది. బండి శనగ బస్తాల ట్రాక్టరు మీద ఆళ్లగడ్డకు వచ్చింది. ఆ బండి అట్లా రావడం ఊరు చూడడం అదే మొదలు.

మాబు షెడ్డులోనే ఇంజను విప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. సోడాబండి అతను, టైర్ల అంగడి వాళ్లు, బస్సు కోసం వచ్చినవాళ్లు చుట్టూ గుమిగూడారు. పిస్టన్ పక్కలంతా గోళ్లతో గీరినట్టు చారలు. మాబు దాన్ని ఎండకు తిప్పి చూసి, మెల్లగా అన్నాడు.

"నూనె సాలలేదు సార్."

"ఏందీ? నూనె నేను మరిచినానా? పదారేండ్లు కలిపిన చెయ్యి మాబూ ఇది!"

"ఔ సార్, మీరు మరిచేటోళ్లు కాదు. కానీ..."

"బిగువు ఎక్కువ పెట్టినావు. ఒప్పుకో. నీ చేతిని నమ్మి నా పెండ్లాన్ని ఎక్కించుకున్యా, చూడు యాడికొచ్చిందో. ఇంగ నీ షెడ్డు గడప తొక్కితే అడుగు."

మాబు మా నాయన మొహంలోకి చూశాడు. ఆ పిస్టన్‌ను మళ్లీ చూశాడు. నూనె మరవని మనిషి ఎదుట నిలబడి ఉంటే, తప్పు తన చేతిలోనే ఉండాలి. "అయ్యుండచ్చు సార్" అన్నాడు.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు.

నాయన ఇంజనును నంద్యాలలో బాగుచేయించాడు. ఆ క్రిస్మసుకు మాబుకు డబ్బా వెళ్లలేదు, రంజానుకు సేమ్యా రాలేదు. పదిమందిలో పడిన మాట ఊరంతా తిరిగింది. బోరు పనికి వచ్చే బండ్లు తగ్గి, మాబుకు పంచర్లూ చైన్లూ మిగిలాయి. రెండేళ్లకు షెడ్డు ఎత్తేసి నంద్యాల వచ్చేశాడు. నాయన నాలుగేళ్ల కిందట పోయాడు. చివరిదాకా నూనె తానే కలిపాడు, చివరిదాకా తప్పు మాబుదేనని నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఆయన్ని పోనిచ్చాను.

ఇరవై ఏళ్లుగా నేనూ మాబూ ఒకే ఊళ్లో ఉన్నాం. అతని అంగడి ఉన్న వీధిని తప్పించుకుని తిరిగేవాణ్ని. పోయిన నెలలో వెళ్లాను. జుట్టు పూర్తిగా నెరిసింది, చేతులు మాత్రం అవే. బండిని చూడగానే గుర్తుపట్టి, సీటు మీద చెయ్యి పెట్టాడు.

"బోరుకొచ్చిందప్పా."

"మాబన్నా, నువ్వే చెయ్యల్ల."

"నేను బోరు పని చెయ్యను. ఆ పొద్దు నుంచి ఒక్క పిస్టన్ ముట్టలేదు. మీ యమ్మ చెయ్యి ఇరిగినాక నా చేతి మింద నాకే నమ్మకం పాయ."

అప్పుడు చెప్పాను. చాగలమర్రి రోడ్డు, బంకు, పుల్ల మీద గాటు, అన్నీ. అతను వింటూ చేతిలోని స్పానరును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. నేను ఆపాక కూడా తుడిచాడు.

"నూనె సాలలేదని నేను చెప్పినానా లేదా?"

"చెప్పినావన్నా."

"మరి ఇప్పుడొచ్చి నా చెవిలో చెప్తే ఏమొస్తాది? మీ నాయన గుట్టుగా అన్యాడా? పదిమందిలో అన్యాడు. పో, పదిమందిలో చెప్పు. ఆమీట బండి తీసకరా, చూస్తాం."

ఆళ్లగడ్డ వెళ్లి చూశాను. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. సోడాబండి అతను లేడు, టైర్ల వాళ్లు ఏ ఊరు పోయారో తెలిసినవాళ్లు లేరు. దొర్నిపాడు రోడ్డుకు తారు పడింది, వానాకాలంలో మడ్గార్డు గోడకెక్కించే ఇల్లు ఒక్కటీ కనబడలేదు. ఆ రోజు ఆ మాట విన్న పదిమందిని నేనెక్కడని వెతకను?

అందుకే మీకు చెబుతున్నాను. ఆళ్లగడ్డ బస్టాండు వెనక మాబు బిగించిన పిస్టన్‌లో ఏ లోపమూ లేదు. అంతటి పనివాడు మా వైపు మళ్లీ రాలేదు. మా నాయన నూనె మరవలేదు. మరవని మనిషి ట్యాంకులో నూనె లేని పెట్రోలు పోసింది ఆయన కొడుకు. నేను.