మేకా అని తిట్టినందుకు

వెయ్యేళ్ళ కిందట చనిపోయిన మనిషిని తిట్టి, ఆ తిట్టుతోనే వరస కలుపుకున్న మనిషి ఈ భూప్రపంచంలో మా అమ్మమ్మ బీనా చూల్వే ఒక్కతే. అనుమానముంటే జాంబియా దక్షిణాన మా టోంగా ఊళ్ళన్నీ తిరిగి విచారించుకోండి.

వానలకు ముందు వేరుశెనగకు నేల తవ్వుతుంటే ఆమె పారకు ఎముక తగిలింది. చచ్చిన మేకనెవరో పాతిపెట్టారనుకుంది.

"లే, బద్ధకపు మేకా! పడుకోడానికి నా చేనే దొరికిందా?"

మట్టి తీస్తే మనిషి. మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకుని, చేతికి పచ్చబడ్డ రాగి కడియాలతో పడుకున్నాడు. అమ్మమ్మ తన పైగుడ్డ విప్పి కప్పింది.

మ్యూజియం అధికారి హామూన్గా మూడు రోజులు కొలిచాడు, ఫొటోలు తీశాడు. నాలుగో రోజు ఎముకలకని చెక్కపెట్టె తెచ్చాడు. అమ్మమ్మ గుంటకు అడ్డంగా కూర్చుంది. దూరాన రాగి గనుల్లో పోయిన ఆమె తమ్ముణ్ణి పరాయివాళ్ళే పూడ్చారు. అది ఆమె ఈనాటికీ మరవలేదు.

"పట్నంలో ఈయనకెవరున్నారు బాబూ?"

"ఇక్కడ మాత్రం ఎవరున్నారు, అమ్మమ్మా?" అన్నాడతను మెల్లగా.

అమ్మమ్మ గుంట అంచుకు ఇంకాస్త జరిగి కూర్చుంది.

ఊరిపెద్ద సియాముండే అందుకున్నాడు. "పైగా ఆయన్ని మేకా అని తిట్టావట. పోయినవాణ్ణి తిడితే తప్పు కదటే?"

మాలో పోయినవాళ్ళను గోతి దగ్గరే నిలబడి తిట్టే హక్కు పరిహాసాల వరస ఉన్న వంశానికే ఉంది. వాళ్ళ తిట్లకు ఎవరూ నొచ్చుకోరు; వేరేవాళ్ళు తిడితే మాత్రం కీడు తగులుతుందంటారు. మట్టి వేసేదీ వాళ్ళే. మాది దుమ్ములగొండి వంశం. మాకా వరస మేక వంశంతో. సియాముండేది మేక వంశమే.

అమ్మమ్మ లేచి నిలబడింది.

"తిట్టాను! నాకేమైనా అయిందా? కాలు విరిగిందా, కన్ను పోయిందా? అంటే ఈయన మీ మేక వంశపువాడే. ఒరే సియాముండే, మీ తాత బయటపడితే గుడ్లప్పగించి చూస్తావేంరా? ఏడువు!"

"దుమ్ములగొండికి ఎముక వదలబుద్ధవుతుందా" అని గొణుక్కుంటూనే సియాముండే టోపీ తీశాడు. వరసైనదాని మాట కాదంటే ఊరు నవ్వదూ? నిజానికి అప్పటికే నవ్వుతోంది.

హామూన్గా తన పుస్తకం తీశాడు. "బంధువులు ఒప్పుకోలేదని రాసుకుంటాను" అన్నాడు. సియాముండేని అడిగి ఒక్క కడియం తీసుకుని, ఖాళీ పెట్టెతో వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక అమ్మమ్మా నేనూ గుంట పూడ్చాం. అమ్మమ్మ పిడికెడు పిడికెడుగా మట్టి వేస్తూ, పిడికిలికో తిట్టు తిడుతోంది. గొంతు మాత్రం పసిబిడ్డను జోకొడుతున్నట్టుంది. నేనూరుకోలేకపోయాను.

"అమ్మమ్మా, నిజం చెప్పు. ఆయన మేక వంశమేనంటావా?"

"ఎముకల మీద రాసుందేమో చూడు. నాలుగో తరగతి దాకా వెలగబెట్టావుగా! చదవడం రాకపోతే నోర్మూసుకుని మట్టి తొయ్యి."