మార్తమ్మ బిళ్ళలు, రాజయ్య కండువా

సకల జనుల సమ్మె రోజుల్లో వాన దంచికొట్టింది. మాదాపూర్ అద్దాల మేడలవాళ్ళు పై అంతస్తుల నుంచి ఫోటోలు తీసుకున్నారు. వెనకున్న మా బస్తీలో మోకాళ్ళ లోతు మురుగు. మంచినీళ్ళ పైపులోకి కూడా చుట్టపుచూపుగా వెళ్ళొచ్చింది.

నీళ్ళు తీశాక బిస్కెట్లు పంచి, బ్యానరు పట్టుకుని ఫోటో దిగినవాళ్ళకు కొదవ లేదు. ఫోటో దిగనిది మార్తమ్మ ఒక్కతే. ఏలూరు మనిషి, మా పక్కింట్లో కిరాయికుంటుంది, దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి, బస్సుల్లేక నడిచొచ్చి, క్లోరిన్ బిళ్ళల సంచీతో ఇల్లిల్లూ తిరిగేది. నేనూ వెంట వెళ్ళేదాన్ని. సేవకని కాదు, ఎవరింట్లో ఏం వండారో చూడకపోతే నాకు అన్నం సయించదు.

ఉద్యమంలో మా బస్తీ పెద్ద రాజయ్య. గులాబీ కండువాతోనే స్నానం చేస్తాడేమోనని నా అనుమానం.

"ఏందమ్మా, ఆంధ్ర మందు తెచ్చినవా?" అన్నాడు గడపలోనే ఆపి.

"నీళ్ళు మీవేనండి, బిళ్ళ ఒక్కటే నాది. బిందెకొకటి వెయ్యండి."

అతని భార్య లచ్చమ్మ పది బిళ్ళలు కొంగున కట్టుకుంది.

నాలుగో రోజుకు ఆమెకు వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి.

"నీ బిళ్ళలే కొంప ముంచినయ్!" అని రాజయ్య అరుపులు.

మార్తమ్మ లచ్చమ్మ పక్కన కూర్చుంది. నాడి పట్టింది, బిందెలో నీళ్ళు వాసన చూసింది, తర్వాత దండెం వైపు చూసింది. రాజయ్య చొక్కా పాలలా మెరుస్తోంది. పక్కన గులాబీ కండువా నిండా తెల్లమచ్చలు.

"లచ్చమ్మగారూ, బిళ్ళలు ఎందులో వేశారండీ?"

"తాగితె వాసనొస్తదని... బట్టల బకెట్ల ఏసిన అక్కా. ధర్నాకు అంగి తెల్లగుండాలె అంటడు గద."

"ఏం రాజయ్యా, పార్టీ మారినవా?" అన్నాను, నోరూరుకోక.

"నవ్వకండి పెద్దమ్మా, ఈవిడ చేజారిపోయేలా ఉంది. ఆటో కావాలి," అంది మార్తమ్మ, చెంచాతో ఉప్పు పంచదార నీళ్ళు తాగిస్తూ.

ఆటో ఎక్కడిది? బంద్ అని సందు మొదట్లో బండరాళ్ళు పెట్టించింది రాజయ్యే. పెట్టేటప్పుడు పదిమంది సాయం పట్టారు. తీసేటప్పుడు ఒక్కడే దొర్లించాడు, ఏడుస్తూ.

దవాఖానలో మూడు రోజులు సెలైన్ ఎక్కాక లచ్చమ్మ నడిచి ఇంటికొచ్చింది. మరునాటి నుంచి మచ్చల కండువాతో రాజయ్య కూడా మా వెంటే. ఏ ఇంటికెళ్ళినా ముందు దండెం మీది చొక్కాలు వాసన చూస్తాడు.

"మార్తమ్మా, నువ్వెన్ని బిళ్ళలిచ్చినా తెలంగాణ మాత్రం తెచ్చుకుంటం!"

"తెచ్చుకోండి. ముందు ఆ బిందె మూత తియ్యండి."