రెండు రెక్కల తలుపు

ఈ వానాకాలంలో నా భార్య చనిపోయింది. బందరులో, మా ఇంట్లో, ముందుగదిలో మంచం మీద. దగ్గరవాళ్ళకి అప్పుడే కబురు చేశాం. ఆలస్యంగా విన్నవాళ్ళు ఎలా జరిగిందని ఇంకా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున్న కాఫీ సగం గ్లాసు తాగింది. వాన పడి వెలిసింది. వీధి తడిగా మెరుస్తోంది. గుండె బాగా బలహీనపడిందనీ, ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోమనీ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి తన మంచం వీధి తలుపుకి ఎదురుగా వేయించుకుంది. పేపరు చదివి వినిపించాను. పోయినవాళ్ళ ఫొటోలు వేసే పేజీ వచ్చేసరికి, "అది వదిలెయ్యండి, అందులో మనకి తెలిసినవాళ్ళు ఎప్పుడూ ఉండరు" అంది. మధ్యాహ్నం మజ్జిగన్నం రెండు ముద్దలు తిన్నది. కాసేపటికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. తలుపు రెక్క ఒకటి ఊగి గోడకి కొట్టుకుంటోంది. "రాయి పెట్టండి" అంది. లేచి వెళ్ళి రెక్కకి రాయి ఆనించాను. వెనక్కి తిరిగేసరికి తను లేదు. కళ్ళు తలుపు వైపే ఉన్నాయి. వీధిలో ఏదో చూస్తోందనే కాసేపు అనుకున్నాను.

ఆ తలుపు తను చేయించుకున్నది.

ఇల్లు తొంభైల మొదట్లో కట్టాం. అప్పుడు వీధి గుమ్మానికి ఒంటి రెక్క తలుపు పెట్టించాను. ఆ రోజుల్లో కొత్తగా లేచిన ఇళ్ళన్నిటికీ అవే. ఒక గొళ్ళెం, ఒక తాళం, అయిపోయింది. నా భార్య ఘంటసాల అవతల ఒక పల్లెటూళ్ళో పుట్టిన మనిషి. అక్కడ పశువుల పాకకి కూడా రెండు రెక్కలు ఉండేవని నవ్వుతూ చెప్పింది గానీ ఏమీ అడగలేదు.

అడిగింది తరవాత. మా అమ్మ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, ఆవిణ్ణి నవారు మంచంతో సహా వ్యానులోకి ఎక్కించాల్సి వచ్చింది. మంచం గుమ్మంలో పట్టలేదు. పక్కకి వంచాం. అమ్మ జారిపోతూ "పడేస్తున్నార్రా నన్ను" అని అరిచింది. అప్పుడు ఆవిడ తల పట్టుకున్నది నా భార్య. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ గుమ్మం దగ్గర నిలబడి, జానతో అటునుంచి ఇటు కొలిచి, "దీన్ని తాళం కోసం కట్టారండీ, మనుషుల కోసం కాదు" అంది.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గ్యాసు బండ పట్టుకుని ఎవరైనా పక్కకి తిరిగి లోపలికి వస్తుంటే మాత్రం నా వైపు చూసేది. అలా చూడటం కొన్నేళ్ళు సాగింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తలుపు మార్పించాను.

పని మొదలుపెట్టాక ఇల్లు కొన్నాళ్ళు తలుపు లేకుండా ఉంది. పాత ద్వారబంధం ఊడదీసి, ఒక పక్క గోడ కొట్టి వెడల్పు చేశారు. కొత్తది నిలబెట్టేదాకా అడ్డంగా తన పాత చీర ఒకటి కట్టింది. ఆ రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు, కలలో గడిపినట్టే ఉంటాయి. ఇటుక పొడి వాసన. చీర గాలికి ఉబ్బి, మళ్ళీ నేలకి వాలేది. ఒకనాడు తెల్లవారుతుండగా లేచి చూస్తే, వీధి చివర పాలావిడ గేదె దూడ ముందుగదిలో నిలబడి మా కేలండరు వంక చూస్తోంది. చీర దాని వీపు మీద ఉంది. నేను తోలబోతే నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనివ్వండి. గృహప్రవేశానికి వచ్చినట్టుంది" అంది. ఇద్దరం మంచం అంచు మీద కూర్చుని, అది తనంతట తాను వెళ్ళేదాకా చూశాం.

కొత్త తలుపులు తెరవడానికి ముహూర్తం పెట్టింది తన అన్నయ్య. మా బావగారు గుడివాడలో బియ్యం వ్యాపారం చేస్తారు. తిథీ వారం చూడకుండా గొడుగు కూడా కొనరు. ఇంట్లోకి వచ్చేవాళ్ళకి కుడివైపు రెక్క ముందు తెరుచుకోవాలని మా వైపు పద్ధతి. ఎడమ రెక్కకి పైనా కిందా గడియలు పెట్టి, అవసరమైనప్పుడే తీస్తారు. మా వడ్రంగి వీధిలో నిలబడి కొలతలు తీసుకున్నాడు, ఇంట్లో నిలబడి బిగించాడు. గడియలు కుడి రెక్కకి పడ్డాయి. ముహూర్తం దగ్గర పడ్డాక గానీ ఎవరూ చూసుకోలేదు.

"లోపల్నుంచి చూస్తే తెరుచుకునేది కుడేనండి" అన్నాడు వడ్రంగి.

"లోపల్నుంచి ఇంట్లోకి వచ్చేవాడు ఎవడయ్యా?" అన్నారు బావగారు.

మళ్ళీ ఊడదీస్తే టేకు చెక్కకి చిల్లులు మిగులుతాయని వడ్రంగి, మిగిలితే మిగిలాయని బావగారు. వాళ్ళిద్దరూ అలా అనుకుంటూండగానే నా భార్య వచ్చి కింది గడియ లాగి, స్టూలెక్కి పై గడియ లాగి, రెండు రెక్కలూ బార్లా తీసింది. "రెండూ తీసి ఉంచితే ఏది ముందు తెరిచావని ఎవరడుగుతారు అన్నయ్యా" అంది. బావగారు పంచాంగం మూసి, కొబ్బరికాయ కొట్టారు. మా పెళ్ళిలో అప్పగింతల నాడు కూడా ఆయన దేనికీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

అప్పట్నుంచి మా ఇంటి తలుపు పగలంతా రెండు రెక్కలూ తీసే ఉండేది. ఎవరికోసమూ ఒక్క రెక్క తీసి మాట్లాడటం తనకి ఇష్టం ఉండేది కాదు. సగం తీసిన తలుపు దగ్గర మనిషికి మాట కూడా సగమే వస్తుందనేది.

మాది తూర్పు వాకిలి. పొద్దున్నే వెలుతురు దేవుడి గూటి దాకా వచ్చేది. కాఫీలయ్యేసరికి మంచం దగ్గర ఉండేది. వంటయ్యేసరికి మెల్లిగా వెనక్కి నడిచి వరండాలోకి వెళ్ళిపోయేది. మధ్యాహ్నం గాలి వచ్చేది, కొంచెం ఉప్పగా. తను తలారబోసుకుని తలుపుకి కాస్త లోపలగా చాప మీద పడుకునేది. నేను కుర్చీలో. ఇద్దరికీ సగం నిద్ర. వీధిలో సైకిలు గంట, పెదన నుంచి చీరల మూట తెచ్చుకుని అమ్మే అతని కేక, ఎవరి ఇంట్లోనో పోపు వాసన, అన్నీ మా మీద నుంచి వెళ్తున్నట్టుండేవి. కొన్నిసార్లు తను కళ్ళు తెరవకుండానే ఏదో అడిగేది, నేనూ తెరవకుండానే చెప్పేవాణ్ణి. ఆ మాటలు ఒక్కటీ గుర్తులేవు. మాట్లాడుకున్నామని మాత్రం తెలుసు.

బావగారి అబ్బాయి పెళ్ళయ్యాక కొత్త జంట మా ఇంటికి వచ్చింది. కొత్త దంపతులు గుమ్మంలో ఒకరి పేరు ఒకరు చెప్పిగానీ లోపలికి రాకూడదు కదా. ఒక రెక్క దగ్గర నా భార్య, ఇంకో రెక్క దగ్గర పక్కింటావిడ నిలబడి అడ్డుకున్నారు. ఆ అబ్బాయి పెళ్ళాం పేరు తనకే వినపడనంత మెల్లిగా చెప్పాడు. "గుడివాడ వాడివేనా నువ్వు? బస్టాండులో కండక్టరు ఊరి పేరు అరుస్తాడు చూడు, అలా చెప్పు" అంది మేనత్త. ఆ పిల్ల మాత్రం మొగుడి పేరు వీధి చివరికి వినపడేలా చెప్పింది. ఇద్దరూ పక్కపక్కన నడిచి లోపలికి వచ్చారు. మాకు పిల్లలు లేరు.  ఆ సాయంత్రం తను తలుపు చెక్క మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

తనని పాడె మీద తీసుకెళ్ళినప్పుడు గుమ్మంలో ఎక్కడా వంచాల్సిన అవసరం రాలేదు. తిన్నగా వెళ్ళింది.

పురోహితుడు నక్షత్రం చూసి తల అడ్డంగా ఊపాడు. ధనిష్ఠా పంచకంలో పోయింది. ఆ నక్షత్రాల్లో ఇంట్లో మనిషి పోతే ఆరు నెలలు ఆ ఇంటికి తాళం వేసి బయట ఉండాలని పట్టింపు. లేకపోతే ఆ ఇంటికీ, పక్కవాళ్ళకీ కూడా మంచిది కాదంటారు. బావగారు నన్ను పక్కకి పిలిచి, "గుడివాడలో మా మేడ మీద గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యండి" అన్నారు. నాకు అలాంటి నమ్మకాలు లేవు. తలుపు తియ్యకుండా ఉండే ఆ ఇంటిని నేను ఊహించుకోలేకపోయాను. ఆ మాటే చెప్పబోయాను. పక్కింటావిడ కనిపించింది. వాళ్ళమ్మాయి పురిటికి వచ్చి ఉంది, నెలలు నిండాయి. పురోహితుడి మాట విన్నప్పట్నుంచీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఉంది. భయపడేవాళ్ళతో వాదన పెట్టుకోవద్దని నా భార్య ఎప్పుడూ అనేది. నేను వాదించలేదు. కర్మ అయిన మర్నాడు రెండు రెక్కలూ దగ్గరికి వేసి తాళం పెట్టాం. తాళంచెవి బావగారే తీసుకున్నారు.

గుడివాడలో నాకు ఏ లోటూ చెయ్యలేదు. వేళకి అన్నం, పేపరు, సాయంత్రం మేడ మీద కుర్చీ. చుట్టూ కొబ్బరి చెట్ల మొవ్వులు, వాటి వెనక పొలాల పచ్చదనం. మధ్యాహ్నం పడుకుంటే కిటికీలోంచి ఎండ గోడ మీద పడి, మగతలో నాకు తలుపు తెరిచినట్టే ఉండేది. వాకిట్లో ఎవరో వచ్చారనుకుని లేచి కూర్చునేవాణ్ణి. ఇక్కడ వాకిలి కింద ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, చావు పలకరింపులో అనకూడదని, వెళ్ళొస్తామనకుండా లేచి వెళ్ళిపోయేవాళ్ళు. అలా కొన్ని వారాలు గడిచాక నాకు ఒక్కటే అనిపించడం మొదలైంది. ఆ ఇంట్లో తను ఇంకా ఉన్నట్టూ, తలుపు తియ్యమని లోపల్నుంచి అడుగుతున్నట్టూ కాదు. అలాంటిదేమీ లేదు. ఆ ఇంటి మధ్యాహ్నాలు ఎవరూ లేకుండా గడిచిపోతున్నాయని. అది భరించడం కష్టంగా ఉండేది. ఒకసారి తాళంచెవి అడిగాను. బావగారు నా మొహం చూడకుండా, "మీకేమన్నా అయితే నా చెల్లెలికి నేనేం చెప్పను బావగారూ" అన్నారు. చెల్లెలు పోయిందని ఇద్దరికీ తెలుసు. అయినా తాళంచెవి మళ్ళీ అడగలేదు.

ఇవాళ మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చింది. పామర్రులో బస్సు మారి, ఒక్కతే. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా బాగున్నారనీ చెప్పింది. బావగారు మజ్జిగ ఇప్పించారు. ఆవిడ గ్లాసు తాగకుండా చేత్తో పట్టుకునే కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీరు రండి, ఇల్లు తియ్యండి. ఆ మాట చెప్దామనే వచ్చాను" అంది.

బావగారు ఇంకా ఆరు నెలలు కాలేదన్నారు.

"తెలుసండి. పిల్లని బయటికి తీసుకొస్తే మొదట వదిన చేతిలో పెడదామనుకున్నాను. ఇప్పుడు గుమ్మంలోకి తీసుకొస్తే పక్కనే మీ తలుపుకి తాళం కనపడుతోంది. మా అమ్మాయి అటు చూడకుండా లోపలికి వెళ్ళిపోతోంది."

"మీ ఇంట్లో పసిపిల్ల ఉందమ్మా. మీకు భయం లేదా?"

"ఉందండి. మూసుంటేనే ఎక్కువగా ఉంది."

 బావగారు లేచి లోపలికి వెళ్ళి దేవుడి మందిరం దగ్గర నిలబడ్డారు. తిరిగొచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నేను రాలేను బావగారూ, నాకంత ధైర్యం లేదు. చేరాక ఫోను చెయ్యండి" అన్నారు.  ఇన్నాళ్ళూ ఆయన పట్టింపు అనుకున్నది పట్టింపు కాదు. చెల్లెలు పోయింది, ఆయనకి ఆవిడ తాలూకు మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే.

పక్కింటావిడ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, "వెళ్ళొస్తానండీ" అంది. మా ఆవిడ పోయాక ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

రేపు పొద్దున్న మొదటి బస్సుకి బందరు వెళ్తాను. తాళం తీసి, పైగడియా కిందిగడియా లాగి, రెండు రెక్కలూ తీస్తాను. గడప దుమ్ము పట్టి ఉంటుంది, కడగాలి. కడిగాక పసుపు రాయాలి. ఆ పని నేనెప్పుడూ చెయ్యలేదు. తను ఒక చివర నుంచి మొదలుపెట్టేదో, మధ్యలో నుంచో, ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని కూడా చూడలేదు. నాకు తోచినట్టు రాస్తాను. అది ఆరేదాకా ఎవరూ తొక్కకుండా అక్కడే ఉంటాను.