తోటికోడలి కారు, నా కార్బన్ పాఠం

నా తోటికోడలు గ్రేస్ కారు కొంది. రెండో శనివారం మధ్యాహ్నం సైనిక్‌పురిలో వాళ్లింట్లో కృతజ్ఞతా కూడిక, ఆ తర్వాత భోజనాలు. "అక్కా, బోయిన్‌పల్లి మార్కెట్లో నీలా కూరగాయలు ఏరేవాళ్లు లేరు" అంటూ ముద్దుగా పని అప్పగించింది. కారు తనది, సంచులు మోసేది నేను! పొద్దున్న ఆరింటికి కార్ఖానాలో షేర్ ఆటో ఎక్కేసరికే కడుపు మండిపోతోంది. నేను ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. దేశంలో కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది అన్నది ఆ వారం పాఠం. ఆ పాఠం వల్లించే, మనకెందుకండీ కారు అని మా ఆయన నోరు మూయించాను. ఇప్పుడు మనకూ కారు కావాలని ఏ మొహంతో అడగను?

వంకాయలు, బీన్స్ కొని, తిరుమలగిరి మీదుగా సైనిక్‌పురికి నూట ఇరవైకి ఆటో మాట్లాడుకున్నాను.

"ఇది పెట్రోలా, గ్యాసా?" అనడిగాను.

"గ్యాసే మేడమ్. పెట్రోల్ రేటు జూసి పరేషానై మార్చిన. మిగిలిన పైసలతోని ఇంట్ల కూలర్ సుత పెట్టిన" అన్నాడు డ్రైవర్ హుషారుగా.

నా పాఠమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. ధర పెరిగితే ఇంధనం మారుస్తాం, కార్బన్ కొంత తగ్గుతుంది. చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఇంకో మిషను కొంటాం. దానికి కావలసిన కరెంటు చాలావరకు బొగ్గు కాల్చి తీసిందే.

గేటు ముందే ఎర్ర కారు, సీట్లకింకా ప్లాస్టిక్ కవర్లు. గ్రేస్ నన్ను లోపల కూర్చోబెట్టి ఏసీ వేసింది. నాకు దిగబుద్ధి కాలేదు, అసూయతో ఏడుపొచ్చింది. మధ్యాహ్నం మా ఆయనతో సహా అందరూ వచ్చి కారు చుట్టూ చేరాక పాస్టరుగారు "పెద్దకోడలు ప్రార్థన చేస్తుంది" అన్నారు. బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఈ బండిని కాపాడు. నడిపేవారిని కాపాడు. మాకూ ఇలాంటిదే ఒకటి, తెల్లది, దయచెయ్యి తండ్రీ." మాట నోరు దాటిపోయింది. అందరూ అలవాటుగా "ఆమెన్" అన్నారు. మా ఆయన ఆమెన్ వీధి చివరిదాకా వినిపించింది.

ఆదాయం, ధరలు, జనాభా, బొగ్గు కరెంటు అని పుస్తకంలో కారణాలు రాసుంటాయి. పక్కింటివాళ్లకుంది, మనకు లేదు అన్న మంట అందులో లేదు. సోమవారం పిల్లలకు అది కూడా చెప్పాలి. మీరు ఈ దారిలో వెళ్తే ఎండ ముదరకముందే మార్కెట్ ముగించుకుని గ్యాస్ ఆటో మాట్లాడుకోండి. కొత్త కారు మీద చెయ్యి పెట్టి ప్రార్థించమంటే మాత్రం మనసులోనే చేసుకోండి.